రేకుల మీద నీళ్ళు

మాది కర్నూలు పాతబస్తీలో కిరాణా కొట్టు. దయ్యం, భూతం అనే మాటలు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎవరైనా ఎత్తితే మా నాన్న "దాన్ని తక్కెడలో పెట్టి చూపించు, నమ్ముతా" అనేవాడు. కన్ను మోసం చేస్తుంది, చెయ్యి మోసం చేస్తుంది, సరిచూసిన తక్కెడ మాత్రం మోసం చేయదని ఆయన నమ్మకం. నాకూ అదే అబ్బింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం కాదు నేను. ఇది రాస్తున్న ఈ పూట కూడా కాదు.

అందుకే నేను చూసింది, కొలిచింది మాత్రమే రాస్తాను. మిగతాది మీరే ఆలోచించుకోండి.

సెల్‌ఫోన్లలో ఇంకా ఇంటర్నెట్ సరిగ్గా రాని రోజులవి. నేను కర్నూలులో ఒక చిన్న కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. ఆదోని, డోన్, పత్తికొండ వైపు కాలేజీలకు, ఆఫీసులకు, టమాటా మండీలకు టవర్ల మీదుగా లైన్లు ఇచ్చేవాళ్ళం. పత్తికొండ దాటాక ఒక గుట్ట మీద మాకో టవర్ ఉండేది. ఊరి పేరు రాయను, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. టవర్ కింద రేకుల షెడ్డు, అందులో రేడియో పెట్టెలు, ఒక పాత కంప్యూటరు, వరసగా బ్యాటరీలు. ఆ షెడ్డు పడుకుందంటే అటువైపు లైన్లన్నీ పడుకున్నట్టే.

ప్రతి టవర్ దగ్గరి కంప్యూటర్లోనూ ఏజెంటు అనే ఒక ప్రోగ్రాం నడిచేది. ఊరికి తలారి ఎలాగో టవర్‌కు ఏజెంటు అలాగ. ఐదు నిమిషాలకొకసారి అక్కడి క్షేమ సమాచారం కర్నూలుకు పంపుతుంది. కానీ కంపెనీ కొన్న ఆ ఏజెంటుకు లైను బతికుందా లేదా అన్నది తప్ప మరేమీ తెలియదు. మన ఎండలకు అది చాలదు. వేడికి బ్యాటరీలు ఉబ్బి పాడైపోయేవి. అందుకని షెడ్డులో వేడి ఎంతుందో చూసి చెప్పే మాడ్యూల్, అంటే చిన్న అనుబంధ ప్రోగ్రాం ఒకటి నేనే సొంతంగా రాసి ఏజెంటుకు తగిలించాను. వేలెడంత సెన్సర్‌ను వైరుకు కట్టి షెడ్డు మధ్యలో వేలాడదీశాను. కంపెనీలో ఆ విద్య తెలిసింది నాకొక్కడికే, ఆ గర్వం కూడా కాస్త ఉండేది.

షెడ్డుకు కాపలా దేవదానం. యాభై దాటిన మనిషి. ఇల్లు గుట్ట కింది ఊళ్ళోనే. మాడ్యూల్ పెట్టిన కొన్నాళ్ళకు, అక్కడినుంచి మిట్టమధ్యాహ్నం ఇరవై ఆరు డిగ్రీలని రావడం మొదలైంది. బయట చూస్తే నలభై దాటిన ఎండ. నా మాడ్యూల్లోనే తప్పుందనుకుని రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని, చివరికి బస్సెక్కి వెళ్ళాను. సెన్సర్ ఎక్కడుందయ్యా అంటే, నీళ్ళ కడవకు చుట్టిన తడి గోనెపట్టాలో పదిలంగా ఉంది.

"ఇంత సన్నది గదప్పా, ఈ ఎండకు తట్టుకుంటాదా? పాపమని ఈడ పెట్టినా" అన్నాడు దేవదానం.

నాకు కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. దానికి వేడి తగలాల్సిందేనని, తగిలితేనే మాకు కబురు అందుతుందని, బ్యాటరీలకు దెబ్బ తగలకుండా చూసుకునేది అప్పుడేనని విడమరిచి చెప్పాను. అంతా విని తలెత్తి రేకుల వైపు చూశాడు.

"అట్లయితే సల్లబరచల్సింది దీన్ని గాదు, షెడ్డును" అన్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పన్నెండున్నరకు గుట్ట కింది బోరు నుంచి నాలుగు బిందెలు మోసుకొచ్చి, నిచ్చెన వేసుకుని, రేకుల మీద పోయడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. కర్నూలులో నా తెరమీద వేడి చూపే గీత నలభై ఆరు దగ్గర్నుంచి నలభైకి దిగి, ముప్పావు గంట తర్వాత మెల్లగా పైకెక్కేది. గీతలో ఆ గుంట కనపడగానే "దేవదానం వచ్చినాడు" అనుకుని నేను టిఫిన్ క్యారియర్ విప్పేవాణ్ణి. ఆ ఎండాకాలం మిగతా టవర్ల దగ్గర బ్యాటరీలు పోయాయి గానీ ఆ గుట్ట మీద ఒక్కటి కూడా పోలేదు.

డిసెంబరులో జ్వరం వచ్చి నాలుగు రోజులకే దేవదానం చనిపోయాడు. నేను పోలేకపోయాను. పోయుండాల్సింది. ఆ ఎండాకాలమంతా రోజూ చూసిన మనిషి అతను, గీతగానే అయినా.

అతని భార్య కరుణమ్మ ఆ కాపలా పని తనకిమ్మని అడిగింది. కూతురు కడపలో నర్సింగు చదువుతోంది, ఆఖరి సంవత్సరం. ఈ పని లేకపోతే ఇద్దరూ సుగ్గికి పోవాల్సిందే. మా పడమటి పల్లెల్లో, పంట పనుల కోసం గుంటూరు వైపు మూటాముల్లె సర్దుకుని వలస పోవడాన్ని సుగ్గి అంటారు. పోతే చదువు ఆగిపోతుంది. మా మేనేజరు చెడ్డవాడు కాదు గానీ, అనుమానం పెనుభూతం అంటారే, ఆ భూతం ఆయన కుర్చీలోనే ఉండేది. ఎండాకాలం గడవనీ, బ్యాటరీలు బాగుంటే ఉంచుదాం, లేకపోతే వేరే మనిషిని పెడదాం అన్నాడు.

మార్చి వచ్చింది. పన్నెండున్నరకు గీతలో గుంట మామూలుగానే పడుతోంది. దేవదానం చేసిన పని ఆమె అందుకుందని సంతోషించి నేను మళ్ళీ క్యారియర్ విప్పడం మొదలుపెట్టాను.

ఒకరోజు ఆ వైపు పోయొచ్చిన లైన్‌మన్ మాటల్లో మాటగా, గుట్ట కింద బోరు ఎండి నెల దాటిందని, ఊరికి ట్యాంకరు మూడు రోజులకొకసారి వస్తోందని చెప్పాడు. మేనేజరు వెంటనే నన్ను పిలిచాడు.

"బోరు ఎండితే ఆమె యాడనుంచి పోస్తాండాది? మొగుడు చేసిన పనే చేసింటాది. నీ సెన్సర్‌ను తడి గోనెలో పెట్టి మన కండ్లకు గంతలు కడతాండాది. పోయి చూసిరా. మాడ్యూల్ తప్పా, ఆమె తప్పా, రెండిట్లో ఏదో ఒకటి శుక్రవారం సాయంత్రానికి రాసియ్యి."

మాడ్యూల్ తప్పైతే షెడ్డు నిజంగా ఉడుకుతున్నట్టు, ఆమె పని చేయనట్టు. ఆమె తప్పైతే మోసం చేసినట్టు. ఎటు రాసినా పోయేది ఆమె ఉద్యోగమే. ఆ సంగతి నాకు బస్సులో కూర్చున్నాక గానీ తట్టలేదు.

మా బావ కాలేజీలో ల్యాబు చూసేవాడు. అతని దగ్గర పాదరసం థర్మామీటరు ఒకటి తీసుకున్నాను, ఒక కొత్త సెన్సర్ కూడా. సోమవారం పదకొండున్నరకు గుట్ట ఎక్కాను. కరుణమ్మ షెడ్డు గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సెన్సర్ నేను వేలాడదీసిన చోటే ఉంది, పొడిగా. గోనెపట్టా లేదు. కడవలో సగానికి నీళ్ళున్నాయి, పైన పళ్ళెం మూత పెట్టి ఉంది.

మీరు రేకుల మీద నీళ్ళు పోస్తున్నారా అమ్మా అని అడిగాను.

"తాగనీకే లేవు, రేకులకు యాడివి సారూ? ఒక్క చెంబు గూడా పోయలేదు" అంది. ఆ తర్వాత నా ముఖం చూసి, "పోసినానంటే నా పని నిలబడతాదని తెలుసు. కానీ చెయ్యని పని చేసినానని నేను చెప్పలేను" అంది.

ఆ మాటకు నాకు సిగ్గేసింది. తలవంచుకుని పాత సెన్సర్ తీసేసి కొత్తది కట్టాను. పక్కనే పాదరసం థర్మామీటరు మేకుకు తగిలించాను. పన్నెండుంబావుకు రెండూ నలభై అయిదు చూపించాయి. తలుపు తెరిచే ఉంది. గాలి లేదు. నేను ఒక బ్యాటరీ పెట్టె మీద కూర్చున్నాను, ఆమె గడపలో.

పన్నెండున్నర దాటి రెండు నిమిషాలకు రేకులు టక్, టక్ మన్నాయి. కాలిన రేకు మీద నీళ్ళు పడితే ముడుచుకుంటూ చప్పుడు చేస్తుంది, ఎండాకాలంలో ఎవరింట్లోనైనా వినే చప్పుడే. మొదట ఒక మూల, తర్వాత నడిమధ్య, ఆ తర్వాత అవతలి మూల. కరుణమ్మ పని ఆపి, కొంగు తల మీద కప్పుకుంది. నేను ఒక్క గంతులో బయటికి వెళ్ళి నిచ్చెన ఎక్కాను. రేకుల మీద తడి లేదు. అరచెయ్యి పెడితే చురుక్కుమని కాలింది. చుట్టుపక్కల మేకలు తప్ప ప్రాణి లేదు. కిందికి దిగి లోపలికి వస్తే పాదరసం నలభై రెండు దగ్గరుంది, నేను చూస్తుండగానే ఇంకా దిగింది. ఒంటిగంటలోపు నలభై. కొత్త సెన్సరూ అదే చెప్పింది.

"రోజూ ఇంతేనా అమ్మా?" అన్నాను.

"రోజూ ఇంతే సారూ. నేనేమీ అడగను, ఊరికే కూచుంటా" అంది.

దిగివచ్చేటప్పుడు మంచినీళ్ళు తాగి పొమ్మంది. ఆ కడవలోంచి చెంబు ముంచడానికి నాకు మనసు రాలేదు.

కర్నూలు తిరిగొచ్చాక నా పాత బుద్ధి మళ్ళీ నన్ను పట్టుకుంది. భయపడటానికి ముందు వెతకాల్సినవి చాలా ఉన్నాయి. నా మాడ్యూల్లో ఒక సోమరి పని చేసి ఉన్నాను. సెన్సర్ నుంచి రీడింగు రాకపోతే, ఫైలులో దాచిన పాత రీడింగు తీసి పంపమని రాశాను. నిరుటి రీడింగులే ఇప్పుడు వస్తున్నాయేమో? అలాగైతే పాదరసం ఎందుకు దిగింది అన్న ప్రశ్నకు, నేను వేడికి తూలి సరిగ్గా చదివి ఉండనని జవాబు చెప్పుకున్నాను. కరెంటు కోత వల్ల బ్యాటరీల ఛార్జింగు ఆగి వేడి తగ్గుతోందేమో చూశాను. కోత వేళలు వారానికొకసారి మారుతున్నాయి, గుంట మారడం లేదు. టవర్ నీడ లెక్క వేశాను. పన్నెండున్నరకు అది షెడ్డు మీద పడదు. కంప్యూటరు గడియారం సరిగ్గానే ఉంది.

ఇక పాత మాడ్యూల్‌ను పారేశాను. మూడు రోజులు కూర్చుని మొదటినుంచీ కొత్తది రాశాను. పాత ఫైళ్ళన్నీ గుట్ట మీది కంప్యూటర్లోంచి తుడిచేశాను. రీడింగు రాకపోతే రాలేదని చెప్పడం తప్ప కొత్త మాడ్యూల్‌కు మరో దారి లేదు. గురువారం సాయంత్రం దాన్ని ఇక్కడినుంచే ఎక్కించాను.

శుక్రవారం తెర ముందు కూర్చున్నాను. పన్నెండున్నర అయింది. గుంట లేదు. ఒంటిగంట. లేదు. రెండు. గీత నలభై ఆరు మీద చదునుగా పోతోంది. అంటే ఇన్నాళ్ళూ నా పాత మాడ్యూలే అబద్ధం చెప్పిందన్నమాట. నిజం చెబుతున్నాను, నాకు ముందు కలిగింది సంతోషం. ఆ తర్వాత కరుణమ్మ గుర్తొచ్చింది. అయినా తక్కెడ చూపింది చూపినట్టు రాయడమే కదా నా పని. "పాత మాడ్యూల్‌లో లోపం ఉంది. షెడ్డు చల్లబడటం లేదు. నీళ్ళు పోయడం లేదు" అని టైపు చేశాను. ప్రింటు తీసి సంతకం కూడా పెట్టాను. మేనేజరు పనిమీద బయటికి వెళ్ళాడు, సాయంత్రం రాగానే ఇద్దామని బల్ల మీద పెట్టుకున్నాను.

మూడుంబావుకు గీత దిగింది. నలభై ఆరు, నలభై మూడు, నలభై ఒకటి, నలభై. నాలుగు దాకా అలాగే ఉండి, మెల్లగా పైకెక్కింది.

షెడ్డులో ఒక ఫోను ఉండేది. చేస్తే ఎవరూ ఎత్తలేదు. నాలుగున్నరకు మళ్ళీ చేస్తే కరుణమ్మ ఎత్తింది, ఆయాసపడుతూ. గుంట సంగతి ఆమెకు చెప్పలేదు, ఇది ముఖ్యం. పొద్దున్నుంచి ఎక్కడున్నారమ్మా అని మాత్రమే అడిగాను.

"ఈ పొద్దు మంచి శుక్రవారం గదా సారూ, చర్చికి పోయినా. పన్నెండు కాన్నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద ఏసయ్య పలికిన ఏడు మాటలూ చదివి అయ్యేదాకా ఎవురూ లేయరు. ఇల్లు సూసుకుని ఇప్పుడే గుట్ట ఎక్కినా."

దేవదానం ఉన్నప్పుడు ఈ రోజు ఏం చేసేవాడని అడిగాను.

"ఆయప్పా? ఏడో మాట అయినాకనే లేసేది. ఉపాసముంటాడు గదా, అయినా నిరుడు ఇంటికి రాకుండా బిందె తీసుకుని సీదా ఈడికే ఒచ్చినాడు. పొద్దున్నుంచి ఎండినాది పాపం, అంటాండె."

ఆ పొద్దున బ్యాంకుకు పోయి తాళం చూసి తిరిగొచ్చాను నేను. ఎందుకు సెలవో కూడా ఆలోచించలేదు. నాకు తెలియని పండుగ నేను రాసిన మాడ్యూల్‌కు ఎలా తెలుస్తుంది?

కర్నూలు సర్వర్లో నిరుటి లెక్కలు వేరేగా ఉన్నాయి, గుట్ట మీది మాడ్యూల్‌కు వాటితో సంబంధం లేదు. పాత క్యాలెండరు వెతికి నిరుటి మంచి శుక్రవారం ఎప్పుడొచ్చిందో చూశాను. ఆ పండుగ ఏటా ఒకే తేదీన రాదని నాకు తెలిసింది అప్పుడే. నిరుడు అది వేరే తేదీ. దేవదానం బతికున్న ఆ రోజున గుంట పడింది మూడుంబావుకు. ఆదివారాలు తీసి చూశాను. ఆ రోజుల్లో ఆఫీసు ఉండదు కాబట్టి నేనెప్పుడూ గమనించలేదు. నిరుడూ, ఈ ఏడూ, ప్రతి ఆదివారం గుంట ఒకటిన్నరకు పడింది. ఒంటిగంటకు చర్చి వదులుతారు.

మేనేజరు వచ్చాడు. "ఏమప్పా, తేలిందా?" అన్నాడు.

సంతకం పెట్టిన కాగితం చించి జేబులో వేసుకున్నాను. ఇంకో కాగితం మీద చేత్తోనే రాశాను: "సెన్సర్ దాని చోటులో, పొడిగా ఉంది. మాడ్యూల్ సరిగ్గా పనిచేస్తోంది. షెడ్డు మధ్యాహ్నం చల్లబడుతోంది." ఎవరు చల్లబరుస్తున్నారో రాయలేదు. ఆయన అడగలేదు. గీత చూసుకుని, బ్యాటరీల లెక్క చూసుకుని, "సరే, ఆమెనే ఉండనీ" అన్నాడు.

సాయంత్రం కొట్టులో నాన్నకు అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. "తక్కెడ మార్చి చూసినావా?" అని అడిగాడు. రెండుసార్లు మార్చానన్నాను. "ఇంగేముంది, చూపిందే రాసినావు" అని, వచ్చిన గిరాకీకి కందిపప్పు తూచడంలో పడిపోయాడు.

మే నెల నడిమికి గుట్ట కిందికి మంచినీళ్ళ పైపు వచ్చింది. ఆ రోజు కరుణమ్మ తనంతట తాను ఫోన్ చేసింది, అదే మొదటిసారి. గొంతులో సంబరం.

"సారూ, నీళ్ళొచ్చినాయి. మోకాళ్ళు నొప్పులైనా నాలుగు బిందెలు ఎక్కిచ్చినా. ఈ పొద్దు నేనే పోసినా, పన్నెండుకు. తెలుస్తాండాదా మీకు?"

తెలుస్తోంది. పన్నెండుంబావుకల్లా గీత నలభై ఒకటికి దిగి ఉంది. అయితే అక్కడ ఆగలేదు. పన్నెండున్నర దాటాక, మొదటి గుంట ఇంకా పూడకముందే, రెండోసారి దిగింది. ముప్పై ఆరు. ఆ షెడ్డులో పగటిపూట నేనెప్పుడూ చూడని అంకె.

ఆమెకు చెప్పాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి, చెప్పేశాను. రెండుసార్లు చల్లబడింది అమ్మా, రెండోది పన్నెండున్నరకు అన్నాను.

అటువైపు బిందె కింద పెట్టిన చప్పుడైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు.

"సరేలే సారూ," అంది, "ఇంగ నేను చూసుకుంటానని చెప్తాలే."

మర్నాడు గుంట ఒక్కటే, పన్నెండుకు. ఆదివారం ఆమె చర్చికి పోయేముందే పోసింది. ఆ రోజూ ఒక్కటే, పొద్దున. ఒకటిన్నరకు గీత చదునుగా పోయింది. ఆ తర్వాత నేను ఆ కంపెనీలో ఉన్న రెండేళ్ళూ అంతే. కూతురు చదువు పూర్తయి కడపలోనే ఉద్యోగంలో చేరింది.

చాలామంది తెలివైనవాళ్ళను అడిగాను. సెన్సర్ అన్నారు, ఎండ దెబ్బ అన్నారు, యాదృచ్ఛికం అన్నారు. అవన్నీ నేను ముందే వెతికినవే. ఆ మే నెల గ్రాఫు ప్రింటు నా దగ్గర ఇంకా ఉంది, సిరా వెలిసిపోతోంది. దాని మీద రెండు గుంటలున్నాయి. మొదటిది కరుణమ్మ పోసిన నీళ్ళది. రెండోదీ తక్కెడ చూపిందే, చూపినట్టే రాశాను.